హిసాబ్ అడిగితే ఫిత్నా అవుతుందా?



మా మొహల్లాలో సర్కారు గ్రాంటుతో మొదలైన షాదీఖానా ఒకటి ఉంది. కింది హాలుకు శ్లాబు పడింది. పైన ఆడవాళ్ళ కోసం విడిగా భోజనాల హాలు, పక్కన వంటగది రావాలి. అవి రాలేదు. పిల్లర్ల మీద వదిలేసిన ఇనుప చువ్వలు తుప్పు పట్టాయి. మరుగుదొడ్లకు గోడలున్నాయి, తలుపుల్లేవు. నీళ్ళ ట్యాంకు లేదు, కరెంటు మీటరు లేదు. పూర్తయింది ఒక్కటే, ముందు గోడకు బిగించిన నల్లరాతి శిలాఫలకం. దాని మీద పెద్దల పేర్లు వరసగా ఉన్నాయి. ఎంత డబ్బు మంజూరైంది, పని ఎవరు చేస్తున్నారు, ఎప్పటికి పూర్తి చేయాలి, ఈ మూడూ మాత్రం ఎక్కడా లేవు.

మొహల్లాలో మాటలు రకరకాలుగా ఉన్నాయి. గ్రాంటు మొత్తం డ్రా అయిపోయిందని కొందరంటారు. కాగితాల మీద పని పూర్తయిపోయిందని ఇంకొందరంటారు. సిమెంటు బస్తాలు వేరే ఇంటికి వెళ్ళాయని చాయ్ హోటల్లో చెప్పుకుంటారు. ఇవన్నీ ఇల్జాములే. నిజమని నేను రాయడం లేదు, అబద్ధమనీ రాయడం లేదు. సబూత్ కాగితాల్లో ఉంటుంది. ఆ కాగితాలను ఇంతవరకూ మొహల్లా ముందు పెట్టలేదు. అందుకే ఊరి పేరు గానీ, కమిటీ పేరు గానీ, మనుషుల పేర్లు గానీ ఇక్కడ రాయను. రాయకపోయినా నష్టం లేదు. ఇది చదివే మీలో చాలామందికి మీ ఊళ్ళో సంగతే అనిపిస్తుంది. ఒకచోట ఖబరస్తాన్ ప్రహరీ, ఒకచోట ఉర్దూ ఘర్, ఇంకోచోట ఈద్‌గాకు వెళ్ళే సిమెంటు రోడ్డు.

నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. సర్కారు గ్రాంటు అమానత్. అమానత్‌కు హిసాబ్ అడగడం ఫిత్నా కాదు. అడిగినవాడిని ఫిత్నాబాజ్ అనడం, అడగనివ్వకుండా నోరు నొక్కడం, ఇవే మొహల్లాను రెండుగా చీలుస్తాయి.

ముందు, ఈ షాదీఖానా ఎవరికి కావాలో చూద్దాం. ఉన్నవాళ్ళకు అక్కర్లేదు. వాళ్ళు ఏసీ ఫంక్షన్ హాలు మాట్లాడుకుంటారు. ఇది కావలసింది పంక్చర్ షాపు భాయ్‌కి, బీడీలు చుట్టే ఖాలాకి, రోజుకూలీకి మిషన్ కుట్టే ఆపాకి. ముగ్గురు ఆడపిల్లలున్న ఇంట్లో ఒక్కో నికాహ్‌కు హాలు కిరాయి, వంట సామాను, జనరేటరు అంటూ వడ్డీకి తెస్తారు. వడ్డీ హరామ్ అని తెలిసే తెస్తారు. లేదంటే వీధికి అడ్డంగా షామియానా వేస్తారు. వాన వస్తే దస్తర్‌ఖాన్ మీద నీళ్ళు పడతాయి. పైన ఆడవాళ్ళ హాలు ఆగిపోవడం వల్ల, కింది హాల్లో ఎవరైనా వలీమా పెట్టుకున్నా ఆడవాళ్ళు పక్కింటి వరండాలో కూర్చుని తినాలి. మరుగుదొడ్డికి తలుపు లేకపోతే మగవాళ్ళు ఎలాగో సర్దుకుంటారు, పెళ్ళికూతురి తల్లి ఎక్కడికి వెళ్ళాలి? ఖియానత్ నిజంగా జరిగి ఉంటే, దాని భారం పడింది వీళ్ళ మీద. కమిటీలో వీళ్ళెవరూ లేరు. ఒక్క ఔరత్ కూడా లేదు.

ఇంకో సంగతి. ఈ డబ్బు ఎవరో ఖైరాత్‌గా పడేసింది కాదు. మన గరీబీని లెక్కగట్టి చూపిస్తే వచ్చింది. 2005లో సచార్ కమిటీని వేశారు. 2006 నవంబరులో ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. చదువులో, ఉద్యోగాల్లో, బ్యాంకు అప్పుల్లో ముసల్మానులు ఎంత వెనకబడ్డారో అందులో పట్టికలు పట్టికలుగా ఉంది. ఆ తర్వాతే 2008-09లో మైనారిటీలు ఎక్కువగా ఉన్న 90 జిల్లాల కోసం కేంద్రం బహుళరంగ అభివృద్ధి పథకం తెచ్చింది. 2018లో దానికే ప్రధానమంత్రి జన వికాస్ కార్యక్రమం అని పేరు మార్చారు. ఇవిగాక ఎంపీ నిధులున్నాయి, ఎమ్మెల్యే నిధులున్నాయి, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లున్నాయి. ఏ అర్జీ తీసి చూసినా మొదటి వాక్యం ఒకటే ఉంటుంది. మా వాడలో పేద ముస్లిం కుటుంబాలు ఎక్కువ, పెళ్ళిళ్ళకు చోటు లేదు, దయచేసి మంజూరు చేయగలరు. అంటే పేదవాడి పేరు చెప్పి తెచ్చిన సొమ్ము. ఆ పేదవాడికే లెక్క చెప్పనంటే అది ఏ ఇన్సాఫ్?

ఇక హిసాబ్ అడిగిన ప్రతిసారీ మనకు వినిపించే జవాబులు కొన్ని ఉన్నాయి. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటి జవాబు: "కైకూ జీ యే సబ్? ఫిత్నా నక్కో." జుమా తర్వాత ఎవరైనా కుర్రవాడు లేచి లెక్క అడిగితే పెద్దలు అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెడతారు. మస్జిద్‌లో దునియా మాటలొద్దంటారు. సరే, మస్జిద్‌లో వద్దు, బయట చెప్పండి అంటే బయట ఎవరూ నిలబడరు. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ ఏది? సూరె బఖరాలోని 282వ ఆయత్. అది దేని గురించి? అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోండి, గవాహులను పెట్టుకోండి, చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించకండి అని చెప్పే ఆయత్ అది. రాత ఉంటే షక్ ఉండదని కూడా అందులోనే ఉంది. ఇద్దరు మనుషుల మధ్య బాకీనే రాసుకోమన్న దీన్, వందల కుటుంబాల సొమ్ముకు లెక్క అడిగితే ఫిత్నా అంటుందా? లెక్క రాసి గోడకు అంటించిన చోట ఫిత్నా పుట్టదు. దాచిన చోట పుడుతుంది.

రెండో జవాబు: "ఇది మస్జిద్ చందా కాదు కదా, సర్కారు డబ్బు." ఈ మాట అనేవాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. మస్జిద్ చందాలో పది రూపాయలు తేడా వస్తే రాత్రి నిద్ర పట్టని హాజీ సాబులు కూడా సర్కారు సొమ్ము దగ్గర కొంచెం వదులుగా మాట్లాడతారు. వాళ్ళ మనసులో సర్కారు అంటే ఎక్కడో ఉన్న ఒక పరాయి ఖజానా. కానీ ఆ ఖజానా ఎలా నిండింది? సబ్బుబిళ్ళ కొన్న ప్రతి ఒక్కరూ పన్ను కట్టారు. మన మొహల్లాకు కూరగాయలు తెచ్చే అమ్మ కట్టింది, ఆటో నడిపే క్రైస్తవ సోదరుడు కట్టాడు, మనమూ కట్టాం. అంటే ఇందులో కోట్ల మంది హఖ్ ఉంది.

హుఖూఖుల్ ఇబాద్ గురించి మన ఉలమా ఎప్పుడూ చెప్పేదే. అల్లాహ్ తన హఖ్‌ను మాఫ్ చేయగలడు, బందాల హఖ్‌ను బందాలే మాఫ్ చేయాలి. పక్కింటివాడి డబ్బు తింటే వాడి గడప తొక్కి మాఫీ అడగొచ్చు, తిరిగి ఇవ్వొచ్చు. గ్రాంటు డబ్బు తిన్నవాడు ఎంతమంది గడపలు తొక్కుతాడు? ఆలోచిస్తే మస్జిద్ చందా కన్నా ఇదే ఎక్కువ భయపడాల్సిన సొమ్ము.

ఖైబర్ సంగతి మనలో చాలామంది విన్నదే. అక్కణ్ణించి తిరిగి వస్తుంటే రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ సేవకుడొకరికి ఎక్కణ్ణించో బాణం తగిలి చనిపోయాడు. షహాదత్ ముబారక్ అన్నారు జనం. పంచకముందే గనీమత్‌లోంచి అతను తీసుకున్న ఒక దుప్పటి అతని మీద ఆగై మండుతోందని హుజూర్ చెప్పారు. అది విని ఒకాయన చెప్పుకు కట్టే తాడు ఒకటో రెండో తెచ్చి ముందు పెట్టాడు. దాన్నీ చిన్నదని వదల్లేదు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది. ఒక దుప్పటి, ఒక చెప్పుతాడు. మరి ట్రాక్టరు ఇసుక? ఇనుప చువ్వల కట్ట? సూరె ఆలి ఇమ్రాన్ 161వ ఆయత్‌లో కూడా ఇదే హెచ్చరిక ఉంది. ఎవరు ఏది కాజేశారో ఖియామత్ రోజున దాన్ని మోసుకుంటూ వస్తారు.

మూడో జవాబు: "ఆయన ఎంత ఖిద్మత్ చేశాడు! ఆఫీసుల చుట్టూ తిరిగి గ్రాంటు తెచ్చిందే ఆయన. కొంచెం వాడుకుంటే ఏమైంది?" ఇది అన్నిటికన్నా తియ్యటి మాట, అందుకే అన్నిటికన్నా ప్రమాదం. తిరిగిన ఖర్చులుంటే చిట్టా రాసి కమిటీ ముందు పెట్టవచ్చు. బస్సు చార్జీలు, జిరాక్సులు, చాయ్ నీళ్ళు ఎవరూ కాదనరు. అవి మొహల్లా చందాలోంచి ఇవ్వాలి, గోడ కట్టే డబ్బులోంచి కాదు. బనూ సులైమ్ ఖబీలా నుంచి జకాత్ వసూలు చేసి వచ్చిన ఒక ఆమిల్ హదీసు గుర్తు చేసుకోండి. ఇది మీది, ఇది నాకు తోహ్ఫాగా ఇచ్చారు అన్నాడతను. హుజూర్ మింబర్ మీద నిలబడి ఆ మాటను తప్పుబట్టారు. అతను తన తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ తోహ్ఫా వచ్చేదా అని అడిగారు. పద్నాలుగు వందల ఏళ్ళ కిందటి ఆ ప్రశ్న నేటి కాంట్రాక్టు కమీషన్లకు కూడా సరిపోతుంది. ఆ కుర్చీ లేకపోతే ఆ కవరు వచ్చేదా?

ఇక నాలుగో జవాబు. దీన్ని తేలిగ్గా తీసేయలేం. "టైమ్ బాగాలేదు. మన లోపలి గొడవ బయట పడితే దుష్మన్‌లకు సందు దొరుకుతుంది. ఖౌమ్ బద్‌నామ్ అవుతుంది. ముసల్మానులకు గ్రాంట్లే ఇవ్వొద్దంటారు." ఈ భయం ఉత్తిది కాదు. ఒకడు తప్పు చేస్తే అందరికీ అంటగట్టే రోజులివి. ఒక షాదీఖానా గొడవను ఫోనులో తిప్పి, చూడండి వీళ్ళకిచ్చిన డబ్బు ఏం చేస్తున్నారో అనడానికి కాచుకుని ఉన్నవాళ్ళున్నారు. హిసాబ్ అడగాలనుకునే నిజాయితీపరులు కూడా ఇక్కడే ఆగిపోతున్నారు.

అయితే చుప్‌గా ఉన్నందుకు బద్‌నామీ తప్పిందా? 2023లో జరిగింది చూడండి. మైనారిటీ పిల్లల స్కాలర్‌షిప్పుల మీద కేంద్ర ప్రభుత్వం దేశమంతటా 1,572 సంస్థలను పరిశీలించింది. వాటిలో 830 సంస్థలు బోగస్‌గానో, నడవనివిగానో తేలాయని చెప్పింది. 2017-18 నుంచి 2021-22 వరకు అయిదేళ్ళలో 144.83 కోట్ల రూపాయల నష్టమని లెక్కగట్టి కేసును సీబీఐకి ఇచ్చింది. ఈ స్కాలర్‌షిప్పులు ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ పిల్లలందరివీ. కానీ పేపర్లో చదివినప్పుడు చాలామంది కళ్ళ ముందు మెదిలింది ఒక్క మన పేరే. లేని పిల్లల పేర్ల మీద డబ్బు తీశారన్న సంగతి ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియకుండా ఉంటుందా? తెలిసినవాళ్ళు ఖౌమ్ ఇజ్జత్ అనుకుని నోరు మూసుకుంటే చివరికి దర్యాప్తు సంస్థ వచ్చి చెప్పింది. ఇజ్జత్ మిగల్లేదు, డబ్బూ మిగల్లేదు. నిజంగా చదువుకునే పిల్లాడు ఇప్పుడు ప్రతి ఫారమ్ దగ్గరా నేను దొంగను కానని రుజువు చేసుకోవాల్సి వస్తోంది.

లోపలివాళ్ళు అడిగితే అది ఇస్లాహ్. బయటివాళ్ళు పట్టుకుంటే అది బద్‌నామీ. ఏది కావాలో మనమే తేల్చుకోవాలి. సూరె నిసా 135వ ఆయత్ మనవాళ్ళు, పరాయివాళ్ళు అని చూడదు. మీ మీదే అయినా, మీ తల్లిదండ్రుల మీద అయినా, మీ బంధువుల మీద అయినా న్యాయం కోసం గవాహీ ఇవ్వమంటుంది. మన హఖ్ కోసం రోడ్డెక్కి నినాదాలు ఇచ్చే గొంతుకు, మన కమిటీని లెక్క అడిగే దమ్ము కూడా ఉండాలి. రెండూ ఒకే ఈమాన్‌లోంచి రావాలి.

అయిదో జవాబు: "సబూత్ ఉందా?" ఇది సరైన ప్రశ్న. ఇక్కడ అడిగేవాళ్ళ వైపు కూడా ఒక మాట అనాలి. చాయ్ హోటల్లో ఫలానావాడు అంత తిన్నాడట అని చెప్పుకోవడం హిసాబ్ అడగడం కాదు. అది గీబత్. నిజం కాకపోతే తోహ్మత్. సూరె హుజురాత్‌లో ఆరో ఆయత్ వార్త వస్తే తహ్‌ఖీఖ్ చేసుకోమంటుంది, పన్నెండో ఆయత్ అనుమానాల జోలికి ఎక్కువ పోవద్దంటుంది. పని ఆగిపోవడానికి వేరే కారణాలు కూడా ఉంటాయి. గ్రాంటు ఒకేసారి రాదు, విడతలుగా వస్తుంది. రెండో విడత రాకపోతే కాంట్రాక్టరు పని ఆపేస్తాడు. చేసిన పనికి బిల్లు నెలల తరబడి పెండింగులో ఉండడం మన రాష్ట్రంలో కొత్త కాదు. అంచనా వేసిన నాటికీ పని మొదలుపెట్టిన నాటికీ ఇనుము ధర పెరిగి ఉండొచ్చు. కమిటీ సదర్ సాబ్ తన జేబులోంచి పెట్టి ఉండొచ్చు కూడా. లెక్క బయట పెడితే అందరికన్నా ముందు ఆయనకే మేలు. పాక్‌గా ఉన్నవాడికి హిసాబ్ ఒక కవచం. కాగితం చూపించనంత కాలం మంచివాడి మీద కూడా మరక ఉండిపోతుంది.

కాబట్టి సబూత్ ఎక్కడుంటుందో తెలుసుకోవాలి. సర్కారు డబ్బుతో చేసే ఏ కట్టడానికైనా ఒక కాగితాల దారి ఉంటుంది. మొదట ఇంజనీర్లు అంచనా వేస్తారు. తర్వాత పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి. పనిని టెండరు మీద ఇస్తారు, చిన్నదైతే నామినేషన్ మీద ఇస్తారు. కొన్నిచోట్ల టెండరు తప్పించుకోవడానికే ఒక పనిని నాలుగు ముక్కలు చేస్తారు. ప్రహరీ ఒకటి, ఫ్లోరింగ్ ఒకటి, కరెంటు ఒకటి అని. అక్కడ కళ్ళు తెరిచి చూడాలి. పని జరిగేటప్పుడు ఏఈ వచ్చి కొలతలు తీసి ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో రాస్తాడు. ఎన్ని అడుగుల గోడ, ఎంత మందం శ్లాబు, ఎన్ని తలుపులు, అన్నీ అందులో ఉంటాయి. దాన్ని బట్టే బిల్లు అవుతుంది. చివరికి గ్రాంటు దేనికి ఇచ్చారో దానికే ఖర్చయిందని వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి. కేంద్రం గ్రాంటు అయితే ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు అది చేరాలి.

మా షాదీఖానా సంగతి ఈ రెండు కాగితాలతో తేలిపోతుంది. ఎం-బుక్‌లో మరుగుదొడ్ల తలుపులు ఉన్నాయా? ఉంటే గోడలకెందుకు లేవు? వినియోగ ధ్రువపత్రంలో పని పూర్తయిందని రాశారా? రాస్తే పై హాలు ఏది? ఎవరినీ దొంగ అనక్కర్లేదు. పుస్తకం ఒక చేత్తో, టేపు ఇంకో చేత్తో పట్టుకుని చూస్తే చాలు.

ఆ పుస్తకం చూసే హఖ్ మనకు చట్టం ఇచ్చింది. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉంది. అందులో రెండో సెక్షన్ ప్రకారం కాగితం నకలు తీసుకోవడమే కాదు, జరుగుతున్న పనిని వెళ్ళి చూడొచ్చు, వాడిన సామాను శాంపిల్ కూడా అడగొచ్చు. ఎందుకు అడుగుతున్నావని ఆఫీసులో అడిగితే కారణం చెప్పనక్కర్లేదు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్ళకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే శాఖలో పై అధికారికి 30 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా ఇన్సాఫ్ దొరకకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు వెళ్ళొచ్చు. కమిటీ చూపించనంటే చూపించకపోనీ. పని చేయించిన ఆఫీసులో ఇవన్నీ ఉండి తీరాలి.

ఎంపీ నిధులతో కట్టిన వాటి గురించి ఒక జాగ్రత్త. 1993లో మొదలైన ఆ పథకంలో ఒక్కో ఎంపీకి 2011-12 నుంచి ఏడాదికి 5 కోట్లు ఇస్తున్నారు. ఆ డబ్బును ఇబాదత్‌గాహ్‌లకు గానీ, మతసంస్థల స్థలంలో పనులకు గానీ వాడకూడదన్నది నిబంధన. పని జరిగిన చోట ఖర్చెంతో రాసిన ఫలకం పెట్టాలన్నది ఇంకో నిబంధన. కొందరు మంచి నియ్యత్‌తోనే కమ్యూనిటీ హాలు పేరిట తెచ్చిన డబ్బును మస్జిద్ పనికి మళ్ళిస్తారు. అల్లాహ్ ఇంటికే కదా అంటారు. అల్లాహ్ ఇంటికి ఒకరి అమానత్‌ను ఇంకో పేరు మీద తీసుకురావడం సవాబ్ ఎలా అవుతుంది? మస్జిద్‌ను మన చందాలతో మనం కట్టుకుందాం, హలాల్ పైసాతో.

హిసాబ్ అడగడం మనకు మాత్రమే వచ్చిన కొత్త ఆలోచన కాదు. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్ళు ఊరివాళ్ళందరినీ కూర్చోబెట్టి, పనుల మస్టర్లూ బిల్లులూ గట్టిగా చదివారు. జన్ సున్వాయీ అన్నారు దాన్ని. చదవడం, వినడం, అంతే. చేయని పనికి నా పేరెందుకు ఉందని కూలీలే లేచి నిలబడ్డారు. అలాంటి సభల్లోంచే సమాచార హక్కు చట్టం పుట్టింది. మన తెలుగు నేల మీద 2006 నుంచి ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ జరిగింది. ఇంటింటికీ తిరిగి కూలీలను అడగడం, తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి అధికారుల ముందే చదవడం. ఎక్కువ చదువుకోని కూలీ జనం చేయగలిగింది, హాఫిజులూ టీచర్లూ ఇంజనీర్లూ ఉన్న మన మొహల్లా చేయలేదా?

ఇంకో మాట చెప్పాలనిపిస్తోంది. తెలుగులో లెక్కల మాటలు ఒకసారి వరసగా తలచుకోండి. జమా, ఖర్చు, రసీదు, బాకీ, వసూలు, అర్జీ, మంజూరు, తనిఖీ, ఫిర్యాదు, హాజరు. ఇవన్నీ అరబ్బీ, ఫార్సీల నుంచి ఉర్దూ మీదుగా, కచేరీల మీదుగా తెలుగు ఇళ్ళలోకి వచ్చిన మాటలు. ఊరి కరణం మన మాటలతోనే లెక్క రాశాడు. లెక్క చెప్పడానికి ఇన్ని మాటలు ఇచ్చిన మనం, మన షాదీఖానాకు ఒక జమాఖర్చు చిట్టా రాయలేమా?

ఇప్పుడు నేను అడిగేవి ఇవి. మా మొహల్లాకే కాదు, మీ మొహల్లాకు కూడా పనికొస్తాయేమో చూడండి.

గ్రాంటుతో పని మొదలైన రోజే బోర్డు పెట్టాలి. ఎంత మంజూరైంది, ఏ పథకం, ఏ ఆఫీసు, ఎవరు కాంట్రాక్టరు, ఎప్పటికి పూర్తి. తెలుగులోనూ ఉర్దూలోనూ రాయాలి. పేర్ల ఫలకం తర్వాత చూసుకోవచ్చు. విడత డబ్బు వచ్చినప్పుడల్లా ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అనేది ఒక పేజీలో రాసి మస్జిద్ నోటీసు బోర్డుకు అంటించాలి. మస్జిద్‌కు రాని ఔరతుల కోసం ఆ పేజీనే ఫోను గ్రూపులో పెట్టాలి. కమిటీలో కనీసం ఇద్దరు ఔరతులు ఉండాలి. వంటగది ఎక్కడుండాలో, మరుగుదొడ్డి ఎలా ఉండాలో వాళ్ళకన్నా ఎవరికి తెలుసు? ఖజానాదార్, సదర్ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. కాంట్రాక్టు సదర్ సాబ్ సాలేకో, దామాద్‌కో పోకూడదు. కట్టడం పూర్తయ్యాక కిరాయి ఎంతో, గరీబు పెళ్ళికి ఎంత తగ్గింపో ముందే రాసి గోడ మీద పెట్టాలి. లేకపోతే గ్రాంటు గండం గడిచినా కిరాయి దగ్గర ఇదే కథ మళ్ళీ మొదలవుతుంది.

అడిగే తరీఖా కూడా ముఖ్యమే. ముందు కమిటీకి అదబ్‌తో ఒక అర్జీ రాయండి. పదిమంది సంతకాలు పెట్టండి, ఒక్కడే పోతే ఒక్కడినే దుష్మన్‌ను చేస్తారు. పదిహేను రోజులు గడువివ్వండి. లెక్క చూపిస్తే షుక్రియా చెప్పి, తేడాలుంటే కూర్చుని మాట్లాడండి. చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. కాగితాలు వచ్చేదాకా ఎవరి పేరూ ఎత్తకండి, ఎవరి ఫొటోనూ ఫోన్లలో తిప్పకండి. కాగితాల్లో ఖియానత్ తేలితే, అప్పుడు మనవాడని ఆగకండి. ఆ పై పని చట్టానిది.

మా మొహల్లాలో అర్జీ తయారైంది. మొదటి సంతకం నాది. రెండోది ముగ్గురు ఆడపిల్లలున్న ఒక ఖాలాది. ఆమెకు సంతకం రాదు, వేలిముద్ర వేసింది. వేస్తూ ఆమె అడిగింది ఒక్కటే. "బేటా, మా చిన్నదాని నికాహ్‌కైనా ఆ తలుపులు పెడతారా?"

కమిటీ పెద్దలారా, మీరు జవాబు చెప్పాల్సింది నాకు కాదు, ఆ ఖాలాకు. ఆమెకు చెప్పకపోతే ఆమె రబ్‌కు చెప్పుకోవాల్సి వస్తుంది. అమానత్‌ను అమానత్‌గా చూసే తౌఫీఖ్ అల్లాహ్ మనందరికీ ఇవ్వాలని దువా. ఆమీన్.

ఖుదా హాఫిజ్.